లోద్రా వేషం

ఆ కోటుని కర్సోనో మోటార్‌సైకిల్ సీట్లకి వేసే రెగ్జిన్‌తో కుట్టాడు. వేరే గుడ్డ దేనిమీదా అతనికి నమ్మకం లేదు. సెమరాంగ్ అనే రేవు పట్నం ఉత్తరపు పేటలో సముద్రం పోటు మీదున్నప్పుడల్లా నీళ్ళు రోడ్డెక్కుతాయి. ఆ రోడ్డు పక్కనే టార్పాలిన్ పట్టా కింద కూచుని సీట్లు కుడుతూ బతికాడు. నీళ్ళలో ఏది నిలుస్తుందో, ఏది కుళ్ళిపోతుందో చూస్తూ వచ్చాడు. మనుషుల్లో కుళ్ళు ఎక్కడ మొదలవుతుందో కూడా చూశాననే అనుకునేవాడు. అందుకే ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

కోటు ఎలా ఉండాలో కూతురు వెనింగ్ చెప్పింది. ముదురు నీలం. మోకాళ్ళు దాటాలి. కాలర్ మెడకి తగలకూడదు.

"తగిలితే ఏమవుతుంది?"

"లోద్రాకి పడదు."

"నీకు?"

"నాకూ పడదు."

తండ్రీ కూతుళ్ళ మధ్య అంతకంటే మాటలు అక్కర్లేకపోయాయి. కాలర్ లోపలి అంచు విప్పి, కుట్టు బయటికి తిప్పి, మెడకి ఎడంగా నిలబడేటట్టు చేశాడు.

లోద్రా అనేవాడు ఫోనులో వారం వారం వచ్చే ఒక బొమ్మల కథలో మనిషి. సముద్రంలోకి కుంగిపోతున్న ఊరికి వరద గేటు కాపలాదారు. ఉత్తరపు పేట కుర్రకారంతా ఆ కథ కోసం పడిచస్తారు. సముద్రం ఇంట్లోకి రావడం అంటే ఏమిటో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కర్సోనో ఇంట్లోనే నీళ్ళకి భయపడి నేల ఎత్తు చేయించి చేయించి, ఇప్పుడు గుమ్మంలో తల వంచకుండా ఎవరూ లోపలికి రాలేరు.

లోద్రా ఎవరి మొహంలోకీ చూడడు. సైరన్ మోగితే చప్పుడు వినబడకుండా చెవులకి దొప్పలు పెట్టుకుంటాడు. బొటనవేలికి మిగతా వేళ్ళు ఒక్కొక్కటే తగిలించుకుంటూ నిలబడతాడు. పరాచికాలు అర్థం కావు. గేటు మూయడం మాత్రం ఏనాడూ తప్పలేదు. కథ రాసినవాళ్ళు అతని తీరుకి ఏ పేరూ పెట్టలేదు. గుర్తుపట్టాల్సినవాళ్ళు గుర్తుపట్టారు. వెనింగ్ మొదటి వారమే గుర్తుపట్టింది. "నాన్నా, ఇతను నాలాగే" అని ఫోను తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

ఆ పిల్లకి ఆటిజం ఉందని చిన్నప్పుడే డాక్టరమ్మ చెప్పింది. తనంతట తాను వచ్చి ఒకటి చూపించడం ఆ ఇంట్లో పండగలాంటిది. పల్లెలో చదివిన నాలుగక్షరాలతో, పెదాలు కదుపుకుంటూ, కర్సోనో ఆ కథ మొత్తం చదివాడు. ఆ తర్వాత వారం వారం చదువుతూనే ఉన్నాడు.

అతనికి కోపం తెప్పించింది కథ కాదు, కథ చదివేవాళ్ళు. లోద్రాని వాళ్ళు ప్రేమిస్తారు. ప్రేమిస్తూనే వెక్కిరిస్తారు. 'రోబో' అంటారు. 'ఆటిస్‌గాడు' అంటారు. ఫోనులో తల దూర్చి పలకనివాణ్ణి చూసినా ఆ ఊరి కుర్రాళ్ళు అదే మాట అని నవ్వుకుంటారు. ఇంకొందరు లోద్రా మీద సొంతంగా కథలు అల్లుతారు. వాటిలో ఎవరో ఒక అమ్మాయి వచ్చి అతన్ని గట్టిగా వాటేసుకుంటుంది. తెల్లారేసరికి అతను అందరిలా మారిపోయి చిరునవ్వు నవ్వుతూ లేస్తాడు.

"అలా వాటేసుకుంటే లోద్రాకి ఊపిరాడదు. వాళ్ళకి తెలీదా నాన్నా?" అంది వెనింగ్.

"తెలుసుకోవడం కంటే అల్లుకోవడం సులువు నొక్" అన్నాడు కర్సోనో. కూతుర్ని ముద్దుగా అలాగే పిలుస్తాడు.

ఆ కథ అభిమానులు ఏటా ఒక పెద్ద బజారు భవనంలో కలుస్తారు. వేషాలు కడతారు. జట్లుగా చిన్న నాటకాలు వేస్తారు. ఆ నాటకాల పద్ధతి వేరు. మాటలూ పాటలూ ముందే రికార్డు చేసి నిర్వాహకుల చేతికి ఇచ్చేయాలి. వేదిక మీద పెదాలు కదిపి అభినయించడమే. ఒకసారి ఇచ్చిన రికార్డు మార్చడానికి వీల్లేదు.

ఈ వేషాలవాళ్ళలో ఒకరిని మెచ్చుకోవాలంటే 'వేషంలోంచి బయటికి రాదు' అంటారు. వేషం కట్టుకున్నాక తింటున్నా, వరసలో నిలబడినా, ఆ పాత్రలాగే ఉండాలి. వెనింగ్ తన కోటు వేసుకుని మొదటిసారి పార్కులో అభిమానుల మధ్యకి వెళ్ళిన రోజున, నింద్యా అనే జట్టు నాయకురాలు ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసి ముచ్చటపడిపోయింది. ఎవరి మొహం చూడదు. అడిగిన దానికి ఆలోచించి ఆలోచించి జవాబు చెప్తుంది. వేళ్ళు అలా ఆడుతూనే ఉన్నాయి. "అబ్బ! ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నా. లోద్రా నువ్వే!" అని అప్పటికప్పుడు జట్టులో చేర్చుకుంది.

నువ్వే అన్నారు గనక తనని తెలిసే పిలిచారనుకుంది వెనింగ్. నటన చూసి పిలిచామనుకున్నారు వాళ్ళు. అభ్యాసాలన్నీ అలాగే జరిగిపోయాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

పోటీ రోజున కర్సోనో కూడా వెళ్ళాడు. గేటు తిప్పే చెక్క చక్రం తనే చేశాడు. దాన్ని మోటార్‌సైకిల్ వెనక కట్టి, వెనింగ్‌ని చక్రానికి ఆనించి కూచోబెట్టుకుని తెచ్చాడు. భవనం లోపల హోరు. వెనింగ్ మెడలో దొప్పలు వేలాడుతున్నాయి. ఫ్యాక్టరీ పనివాళ్ళు పెట్టుకునే నిజమైన దొప్పలు. పైన నీలం రంగు తనే వేసుకుంది.

వేదిక వెనక నింద్యా లుంపియా అనే వేపుడు చుట్టల పొట్లం విప్పి అందరికీ పంచుతోంది. ఊరి పెద్ద వేషంలో ఉన్న రెక్సా పొట్ట మీద దిండు సర్దుకుంటున్నాడు. లోద్రా గొంతు రికార్డు చేసింది అతనే. మనిషి ఎద్దులా ఉంటాడు, గొంతు మాత్రం గంటలా ఖంగుమంటుంది.

"తినండి పాక్. కోటు మీరే కుట్టారటగా? అదిరిపోయింది" అంది నింద్యా. పెద్దవాళ్ళని వాళ్ళు పాక్ అనే పిలుస్తారు.

"ముందు పని కానీండి" అన్నాడు కర్సోనో.

"సరే, అందరూ ఇటు వినండి. చప్పుళ్ళన్నీ కలిపి నిన్ననే పూర్తిచేశాం. ఒకసారి వింటే మీకు అందుతుంది."

ఫోను పైకెత్తి పట్టుకుంది. అది లోద్రా తల్లి చనిపోయిన ఘట్టం. ఇరుగుపొరుగు వచ్చి ఏడుస్తుంటారు. పోటు వచ్చే వేళవుతుంది. లోద్రా ఏడవకుండా లేచి గేటు దగ్గరికి వెళ్తాడు. కథలో అంతే ఉంది. ఫోనులో మాత్రం ముందు 'బీప్' అని చప్పుడు. తర్వాత రెక్సా గొంతు, యంత్రంలా ముక్కలు ముక్కలుగా: "అమ్మ. చనిపోయింది. గేటు. మూయాలి." వెంటనే వందమంది పకపకా నవ్వారు. రెక్సా కూడా దిండు పట్టుకుని నవ్వాడు.

కర్సోనో చేతిలో లుంపియా ఉంది. కింద పెట్టేశాడు.

భార్య సుమిరా పోయినప్పుడు ప్రార్థనలకి పేటంతా వచ్చింది. వెనింగ్ ఏడవలేదు. గుమ్మం బయట కూచుని వచ్చినవాళ్ళ చెప్పులు జతలు జతలుగా పై మెట్టు మీద సర్దింది, వెళ్ళేవాళ్ళు కాలు పెడితే ఎక్కేటట్టు బయటికి తిప్పి. ఆ ఇంట్లో ఏ కార్యమైనా ఆ పని సుమిరాదే. లేకపోతే పోటు నీళ్ళకి చెప్పులు కొట్టుకుపోతాయి. సుమిరా లేదు గనక ఆ పని వెనింగ్ చేసింది. కర్సోనో చెల్లెలు తర్మి అందరి మధ్యా చెయ్యి తిప్పుకుంటూ అంది: "రాయి పుట్టింది వదిన కడుపున. తల్లి శవం లోపలుంటే చెప్పులతో ఆటలాడుకుంటోంది." కర్సోనో ఆ నిమిషాన చెల్లెల్ని బయటికి నడవమన్నాడు. అప్పట్నుంచి ఉపవాసాల తర్వాత వచ్చే లెబరాన్ పండగకి కూడా తను ఆమె వీధిలో అడుగు పెట్టలేదు. చుట్టాలు ఎన్నోసార్లు రాజీకి వచ్చారు. వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి పంపేశాడు.

ఇప్పుడు అదే మాట, నవ్వు కలిపి, ఫోనులోంచి వచ్చింది.

"ఈ నవ్వు ఎవరిది?" అని అడిగింది వెనింగ్.

"ఎవరిదో. ఇంటర్నెట్లో దొరికింది" అంది నింద్యా.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"కామెడీ కదా బంగారం."

"వాళ్ళమ్మ చనిపోయింది."

"అదే మరి కామెడీ! అంత జరిగినా వీడు గేటు గేటు అంటాడు చూడు. ఆఁ, చెప్పడం మర్చిపోయా. ఇవాళ ఇంకొంచెం బిగుసుకుని నడు. అచ్చం రోబోలాగ. అభ్యాసంలో మరీ మామూలుగా చేస్తున్నావు."

"నేను చేయట్లేదు."

"ఏంటి?"

"నేను లోద్రాలాగ చేయట్లేదు. నేను ఇంతే. నాకు ఆటిజం ఉంది. లోద్రాకీ ఉంది."

రెక్సా చప్పట్లు కొట్టాడు. "సూపర్! చూశారా, ఇప్పుడు కూడా వేషం దిగలేదు!"

"వేషం కాదు తమ్ముడూ" అన్నాడు కర్సోనో.

ఆ గొంతు విని రెక్సా చప్పట్లు ఆగిపోయాయి. నింద్యా వెనింగ్ వేళ్ళ వైపు చూసింది. పార్కులో మొదటిరోజు నుంచీ చూస్తున్న వేళ్ళే. ఇప్పుడు చూడకూడనిది చూసినట్టు చప్పున మొహం తిప్పుకుంది.

"కానీ నీకు కథంతా కంఠతా వచ్చు కదా. బొమ్మలు గీస్తావు. చక్కగా మాట్లాడతావు. అలాంటివాళ్ళు మరి..." అని ఆగింది.

"అలాంటివాళ్ళు మరి?" అన్నాడు కర్సోనో.

"అది కాదు పాక్, తప్పుగా అనుకోకండి. అయినా లోద్రాకి అది లేదు. అతను ఎంత తెలివైనవాడు!"

నింద్యా నుదురు తుడుచుకుంది. చెడ్డపిల్ల కాదు. అందుకే సర్దబోయి ఇంకా చెడగొట్టింది.

"ఒక పని చేద్దాం. లోద్రా వేషం రెక్సా వేస్తాడు. వెనింగ్, నువ్వు ఊరి పెద్దావిడగా చెయ్యి, మాటలు తక్కువ. ఆ కోటు రెక్సాకి ఇచ్చెయ్యి. నీ మంచికే చెప్తున్నా. నీకు నిజంగా ఉందని జనానికి తెలిస్తే, మేం నిన్ను పట్టుకుని ఎగతాళి చేస్తున్నామనుకుంటారు."

వెనింగ్ నేల వైపు చూస్తూ ఆలోచించింది. బయట వేదిక మీద ఎవరిదో పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది.

"నేను వేస్తే ఎగతాళి. రెక్సా వేస్తే కాదా?"

నింద్యా లుంపియా పొట్లం మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

"కోటు విప్పు నొక్. మడత పెడతాను. ఇంటికి పోదాం" అన్నాడు కర్సోనో. అతనికి ఇంకేమీ వినాలని లేదు. ఈ భవనాన్నీ, ఇందులో ఉన్న అందర్నీ తర్మి పక్కన కూచోబెట్టేశాడు.

వెనింగ్ బొత్తాల మీద చెయ్యి వేసింది. విప్పలేదు.

"నాన్నా, ఈ కోటు ఎవరిది?"

"నీది."

"లోద్రా ఎవరి మనిషి?"

"నీ మనిషే."

"అయితే నేను ఇంటికి పోతే అతన్ని రెక్సాకి ఇచ్చి పోయినట్టే. నేను వేస్తాను."

"రికార్డు మార్చడానికి లేదు వెనింగ్, ఇచ్చేశాం" అంది నింద్యా నీరసంగా. "ఆ నవ్వులు అలాగే వస్తాయి."

"రానీ."

రెక్సా ఎందుకైనా మంచిదన్నట్టు కోటు వైపు చెయ్యి చాచాడు. కర్సోనో ఆ చెయ్యి మీద చూపు పెట్టాడు. "అది మా పిల్ల కొలతకి కుట్టింది. నీ భుజాలు పట్టాలంటే కుట్లు తెగాలి. నా కుట్లు తెగవు. ప్రయత్నిస్తావా?"

రెక్సా చెయ్యి వెనక్కి వెళ్ళింది. అదే సమయానికి వేదిక మీద జట్టు పేరు పిలిచారు.

కర్సోనో చక్రాన్ని పైకి అందించి, వేదిక ముందు జనంలో నిలబడ్డాడు. లోద్రా ఇంటి గుమ్మం, దాని ముందు రెండు మెట్లు పెట్టారు. పరామర్శకి వచ్చినవాళ్ళుగా నింద్యా, రెక్సా, మరో ఇద్దరు వచ్చి, చావింటికి వెళ్ళేవాళ్ళలాగే చెప్పులు గుమ్మం ముందు విడిచి లోపలికి నడిచారు. రికార్డులో ఏడుపులు మొదలయ్యాయి. బీప్ అంది. "అమ్మ. చనిపోయింది." జనం నవ్వడానికి నోళ్ళు తెరిచారు.

వెనింగ్ పెదాలు కదపలేదు.

రికార్డులో వందమంది నవ్వు వచ్చింది. లోద్రా సైరన్ మోగినప్పుడు చేసే పనే వెనింగ్ చేసింది. మెడలోని దొప్పలు ఎత్తి చెవులకి పెట్టుకుంది. ఆ నవ్వుని సైరన్ కింద జమకట్టేసిందన్నమాట. జనంలో కొందరికి అది అందింది. ముందు వరసలో నవ్వబోయిన పిల్ల చేత్తో నోరు మూసుకుంది.

తర్వాత వెనింగ్ గేటు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. గుమ్మం ముందు వంగింది. నలుగురూ ఎలా పడితే అలా వదిలేసిన చెప్పుల్ని తీసి, దేని జత దానికి చేర్చి, బయటికి తిప్పి, పై మెట్టు మీద వరసగా పెట్టింది. తొందరపడలేదు. రెక్సా గొంతు గేటు గేటు అంటూనే ఉంది. ఆ నవ్వు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. హాల్లో మనుషులెవరూ నవ్వడం లేదు. ఎవరూ లేని ఇంట్లో టీవీ నవ్వినట్టు ఉంది ఆ చప్పుడు. చివరి జత సర్దాక లేచి, వేళ్ళు బొటనవేలికి ఒక్కొక్కటే తగిలించుకుని, చక్రం పట్టుకుని బలంగా తిప్పింది. గేటు మూసుకుంది. ఊరు మునగలేదు.

చెప్పులు సర్దడం ఆట కాదని కర్సోనో చుట్టాలకి చెప్పలేక వదిలేసిన సంగతి అది. మాటలు దొరక్క తలుపులు వేసుకున్నాడు. ఆ పిల్ల మాట లేకుండా, అంతమంది ముందు, చెప్పేసింది. అతను ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. వెనకవాళ్ళకి వేదిక కనబడాలంటే వాళ్ళే తప్పుకోవాలి.

చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు ఆగలేదు. వెనింగ్ దొప్పలు తియ్యకుండానే నిలబడింది. హోరు తగ్గాక తీసింది. టోపీ పెట్టుకున్న న్యాయనిర్ణేత మైకు అందుకున్నాడు.

"కోటు అద్భుతం. కానీ పెదాలు రికార్డుతో కలవలేదు, దానికి మార్కులు పోతాయి. ఇంకొకటి. కదలికల్లో లోద్రా కనబడలేదమ్మా. లోద్రా రోబోలాంటి మనిషి, నువ్వు మామూలు మనిషిలా చేశావు. చెప్పులు సర్దడం అసలు కథలోనే లేదు. కథ ఇంకోసారి చదువు."

కర్సోనో నవ్వాడు. పైకే, గట్టిగా, భుజాలు ఎగిరేటట్టు నవ్వాడు. సుమిరా పోయాక అతను అలా నవ్వడం అదే మొదలు.

పక్కనున్న మనిషి తిరిగి చూశాడు. "మీ అమ్మాయేనా పాక్? ప్రైజు పోయింది, నవ్వుతారేంటి?"

"లోద్రాని పట్టుకుని లోద్రాలా లేవన్నాడయ్యా ఆ టోపీవాడు! విన్నావా లేదా?"

వేదిక మీద వెనింగ్ మైకు కోసం చెయ్యి చాచింది. "చదివాను" అంది. ఆలోచించుకుంది. జనం ఆగారు. "అతను రోబో కాదు. రోబోకి అమ్మ ఉండదు."

అని మైకు ఇచ్చేసి, తన చక్రం తను దొర్లించుకుంటూ దిగిపోయింది.

ప్రైజు డ్రాగన్ వేషాల జట్టుకి వెళ్ళింది. అదెవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెనింగ్ చుట్టూ జనం చేరారు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగి, ఎడంగా నిలబడి తీసుకున్నారు. అందరూ వెళ్ళాక ఒక అమ్మాయి మిగిలింది. చొక్కా కాలర్ లోపలికి మడిచేసి, పిన్నులు గుచ్చుకుని ఉంది. వెనింగ్ మొహం చూడకుండా కోటు బొత్తాలతో మాట్లాడింది.

"నాక్కూడా మెడకి తగిలితే పడదు."

"మా నాన్న కుడతాడు" అంది వెనింగ్, ఆ అమ్మాయి చెప్పులు చూస్తూ.

ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. చేతులు కిందికి వేలాడుతూ ఉన్నాయి, వేళ్ళు మాత్రం దేని లెక్క అది చూసుకుంటున్నాయి. మాట్లాడుకోలేదు. హాయిగా ఉన్నారు. కర్సోనో జేబులోంచి టేపు తీసి, ఆ పిల్లకి తగలకుండా దూరం నుంచే మెడ కొలత చూసుకున్నాడు.

నింద్యా వచ్చింది. కాటుక కారిపోయింది. "వెనింగ్, తప్పైపోయింది. నాకు నిజంగా తెలీలేదు. వచ్చే ఏడు మాతో చేస్తావా?"

"చేస్తాను. నవ్వు తీసెయ్యండి. రెక్సా గొంతు కూడా."

"తీసేస్తాం. నీ గొంతే పెడదాం."

వెనింగ్‌కి ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నింద్యా కర్సోనో వైపు తిరిగి, వంగి, అతని చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవాలని రెండు చేతులూ చాచింది. పెద్దవాళ్ళ దగ్గర ఆ ఊరి పిల్లలందరూ చేసే మర్యాదే. కర్సోనో చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"అది క్షమిస్తే దాని ఇష్టం. నేనింకా క్షమించలేదు."

"ఎప్పటికి క్షమిస్తారు పాక్?"

"వచ్చే ఏడు నాటకం చూశాక చెప్తా."

చక్రం కట్టి బండి తీశాడు. వెనింగ్ కోటు విప్పబోయింది. "ఉండనీ" అన్నాడు. ఎప్పుడూ కాలువ పక్క అడ్డదారిన ఇంటికి పోయే మనిషి, ఆ సాయంత్రం పెద్దవీధిన పోయాడు. ఎర్రలైటు దగ్గర అందరూ చూస్తుంటే, పచ్చలైటు వచ్చాక కూడా నింపాదిగా కదిలాడు. ఆ తర్వాత, సుమిరా పోయినప్పటి నుంచి పోని వీధిలోకి బండి తిప్పాడు.

తర్మి అరుగు మీద కూచుని చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. కర్సోనో ఆ ఇంటి ముందు బండి నెమ్మది చేసి హారన్ కొట్టాడు. తర్మి తలెత్తింది. అన్నని చూసింది, అన్న వెనక నీలం కోటులో చక్రానికి ఆనుకుని రాణిలా కూచున్న మేనకోడల్ని చూసింది. ఒళ్ళో గిన్నె పక్కన పెట్టి ఆదరాబాదరాగా లేచింది. "అన్నా! రా అన్నా, లోపలికి రండి!"

కర్సోనో ఆమెని చూడనిచ్చాడు. కళ్ళారా చూడనిచ్చాడు.

ఆగలేదు.